చల్లగా ఉన్న ట్యాంకు: పాడేరు ఘాట్‌లో హీట్ ఎక్కిన జీపు కేసు

మా షాపు అనకాపల్లిలో. రేడియేటర్ పని తప్ప ఇంకో పని పెట్టుకోలేదు. ఇత్తడి ట్యాంకులకు టంకం పెట్టడం దగ్గర మొదలై, ఇప్పుడు అల్యూమినియం కోర్లకు (రేడియేటర్ మధ్యలో నీళ్లు పారే ట్యూబుల వరసలకు) ఆర్గాన్ వెల్డింగ్ చేసేదాకా వచ్చాను. ఈ కేసు వివరంగా రాస్తున్నది ఎందుకంటే, ఒక్క జీపు మీద నాకంటే ముందు ముగ్గురు చేయి పెట్టారు, ఇంజన్ పై భాగమైన హెడ్ కూడా దింపారు. తప్పు మాత్రం ఇంజన్‌లో లేదు. రేడియేటర్‌కి వేడి నీళ్లు వచ్చే పైపు, చల్లటి నీళ్లు వెళ్లే పైపు, ఆ రెండింటి మధ్య ఉండాల్సిన ఒక చిన్న అడ్డుగోడ, చివరికి మూత ఉన్న చోటు. కథంతా అక్కడే ఉంది.

బండి పాత డీజిల్ జీపు. చోడవరం నుంచి పాడేరుకి షేర్ సర్వీసు తిప్పుతారు. డ్రైవరు ఏప్రిల్‌లో తెచ్చాడు.

"గురువుగారూ, కింద రోడ్డు మీద బంగారంలా నడుస్తాది. ఘాట్ ఎక్కితే చాలు, నాలుగు మలుపులు దాటకుండా ముల్లు ఎర్రలోకి ఎల్లిపోతాది" అన్నాడు.

"ఆపితే ఎంతసేపటికి దిగుతోంది తమ్ముడూ?"

"పావుగంట. నీళ్లు పోసి మళ్లీ లాగితే మళ్లీ అదే. పాసింజర్లు దిగిపోయి వేరే బండి ఎక్కేస్తన్నారు."

అంతవరకు జరిగిన వైద్యం ఇది. థర్మోస్టాట్ (నీళ్లు వేడెక్కాకే రేడియేటర్ దారి తెరిచే కవాటం) మార్చారు, తగ్గలేదు. తర్వాత అసలు థర్మోస్టాటే తీసేశారు, ఇంకొంచెం పెరిగింది. వాటర్ పంపు కొత్తది వేశారు. హెడ్ గ్యాస్కెట్ (హెడ్ కింద లీకు ఆపే పొర) మార్చారు. ఫ్యాన్ బెల్టు రెండుసార్లు. ఖర్చు మొత్తం కొత్త రేడియేటర్ ధర దాటిపోయింది.

థర్మోస్టాట్ తీసేస్తే వేడి ఎందుకు పెరుగుతుందో ఇక్కడే చెప్పాలి, ఎందుకంటే ఇది మన దగ్గర చాలామంది చేసే పని. చాలా ఇంజన్లలో రేడియేటర్‌కి పోకుండా నీళ్లు ఇంజన్‌లోనే తిరిగే బైపాస్ దారి ఒకటి ఉంటుంది. వేడెక్కి తెరుచుకునేటప్పుడు థర్మోస్టాట్ అడుగు పళ్లెం వెళ్లి ఆ దారిని మూస్తుంది. థర్మోస్టాట్ లేకపోతే బైపాస్ ఎప్పుడూ తెరిచే ఉంటుంది. కొంత వేడి నీరు రేడియేటర్ మొహం చూడకుండానే మళ్లీ ఇంజన్‌లోకి పోతుంది. అందుకని నేను ముందు 82 డిగ్రీల థర్మోస్టాట్ తిరిగి పెట్టించాను. అది లేకుండా తీసిన ఏ కొలతనూ నమ్మలేం.

రేడియేటర్ బండితో వచ్చినది కాదు. పాతది ఇత్తడిది, పైన ఒక ట్యాంకు, కింద ఒక ట్యాంకు, నీళ్లు పై నుంచి కిందికి దిగే రకం. అది కుళ్లిపోతే, వేరే బండి అల్యూమినియం రేడియేటర్ తెచ్చి బిగించారు. ఇది అడ్డంగా నడిచే రకం. ట్యాంకులు ఎడమ, కుడి వైపుల ఉంటాయి, ట్యూబులు అడ్డంగా పడుకుని ఉంటాయి. నీళ్లు వచ్చే పైపూ వెళ్లే పైపూ రెండూ డ్రైవరు వైపు ట్యాంకుకే ఉన్నాయి, ఒకటి పైన, ఒకటి కింద. రెండో వైపు ట్యాంకుకి ఏ పైపూ లేదు. మూత డ్రైవరు వైపు ట్యాంకు నెత్తిన ఉంది. డ్రైవరు వైపు ప్లాస్టిక్ ట్యాంకు పగిలితే, ఒక షాపులో అల్యూమినియం రేకుతో కొత్త ట్యాంకు కట్టించారు. వెల్డింగ్ చాలా శుభ్రంగా ఉంది. నీళ్లు పట్టి చూశాను, చెమ్మ కూడా లేదు.

ఆ వెల్డింగ్ చూసే నేను మొదటి పొరపాటు చేశాను. ఇంత బాగా కట్టిన ట్యాంకులో తప్పేముంటుంది అనుకుని, కోర్ లోపల సున్నం పట్టిందేమోనని శుభ్రం చేసే మందు పోసి కడిగాను. ఒక రోజు పోయింది. నీళ్లు కొంచెం మురికిగా వచ్చాయి, అంతే. జీపు ఘాట్‌కి పోయి మళ్లీ అదే కంప్లైంట్‌తో వచ్చింది.

రెండోసారి కొలతలతో మొదలుపెట్టాను. చేతి ఉష్ణోగ్రత గన్ను ఇప్పుడు ప్రతి షాపులో ఉంది కానీ, దాంతో మెరిసే అల్యూమినియం మీద కొడితే అసలు వేడి కంటే బాగా తక్కువ చూపిస్తుంది. మెరిసే లోహం వేడిని సరిగా వెదజల్లదు, గన్ను మోసపోతుంది. అందుకని కొలిచే ప్రతిచోటా నల్ల ఇన్సులేషన్ టేపు ముక్క అంటిస్తాను, టేపు మీదే కొలుస్తాను. మూడు చోట్ల అంటించాను: నీళ్లు వచ్చే పైపు మూలం, నీళ్లు వెళ్లే పైపు మూలం, ఏ పైపూ లేని అవతలి ట్యాంకు మధ్య భాగం.

ఇంజన్ పావుగంట రేజ్‌లో ఉంచాక వచ్చే పైపు 88, వెళ్లే పైపు 86, అవతలి ట్యాంకు 52.

వచ్చే పైపుకీ వెళ్లే పైపుకీ రెండు డిగ్రీలే తేడా ఉందంటే రేడియేటర్ పని చేయట్లేదని వెంటనే తేల్చకూడదు. బండి నిలబడి ఉన్నప్పుడు ఇంజన్ పుట్టించే వేడి తక్కువ, పంపు తిప్పే నీళ్లు ఎక్కువ, తేడా తక్కువే ఉంటుంది. లెక్క చూడండి. ఒక కిలో నీళ్లు ఒక డిగ్రీ వేడెక్కాలంటే 4.18 కిలోజౌళ్లు కావాలి. పాత డీజిల్ ఇంజన్ గట్టి లోడులో రేడియేటర్‌కి 40 కిలోవాట్ల వేడి ఇస్తోందనుకుందాం, పంపు సెకనుకి ఒక లీటరు తిప్పుతోందనుకుందాం. అప్పుడు కూడా రెండు పైపుల మధ్య తేడా 10 డిగ్రీల లోపే. కాబట్టి ఆ తేడా ఒక్కటే చూసి ఏదీ చెప్పలేం.

నన్ను ఆపేసింది మూడో అంకె.

నీళ్లు ఒక పైపులో వచ్చి, ట్యూబుల గుండా అవతలి ట్యాంకుకి పోయి, తిరిగి వచ్చి రెండో పైపులో వెళ్తున్నాయంటే అవతలి ట్యాంకు దారి మధ్యలో ఉన్నట్టు. దాని వేడి వచ్చే పైపు వేడికీ వెళ్లే పైపు వేడికీ మధ్యలోనే ఉండాలి. వెళ్లే నీళ్లే 86 అయితే, అంతకుముందు మజిలీ 52 ఎలా అవుతుంది? 52 దగ్గరున్న నీళ్లు తిరుగు దారిలో మళ్లీ 86కి వేడెక్కలేవు. అంటే ఆ నీళ్లు దారిలో లేవు. ఒక మూలన నిలబడి ఉన్నాయి. ఇంజన్ నుంచి వచ్చిన వేడి నీరు డ్రైవరు వైపు ట్యాంకులో పై పైపు నుంచి కింది పైపుకి జారిపోయి, కోర్‌లోకి దాదాపు పోకుండానే తిరిగి ఇంజన్‌లోకి వెళ్తోంది.

చేత్తో కూడా తెలుస్తుంది. కోర్ మీద డ్రైవరు వైపు చేయి పెట్టలేకపోయాను. అవతలి చివర అరచేయి ఆనించి లెక్కపెట్టుకుంటూ నిలబడగలిగాను. (ఇంజన్ ఆపాకే సుమా. నడుస్తున్న ఫ్యాన్ దగ్గర చేయి పెట్టకండి.)

నిర్ధారణకి పై హోస్, కింది హోస్ ఊడదీసి, సైకిల్ బ్రేకు వైరు పై పైపులోంచి లోపలికి నెట్టాను. ఏ అడ్డూ తగలకుండా కింది పైపులోంచి బయటికి వచ్చింది. డ్రైవరు చూస్తూ నిలబడ్డాడు. "పాత ట్యాంకు ఉందా?" అని అడిగితే, ఓనరు షెడ్డులో పడి ఉందన్నాడు. మర్నాడు తెచ్చాడు. పగిలిన ప్లాస్టిక్ ట్యాంకు, లోపల సరిగ్గా మధ్యలో అడ్డంగా ఒక గోడ, దాని అంచున రబ్బరు. కొత్త ట్యాంకు కట్టినవాళ్లు బయటి కొలతలు అణువంత తేడా లేకుండా పట్టుకున్నారు, లోపలి గోడ వదిలేశారు. పగిలిన ముక్క లోపలికి తొంగి చూడకపోతే అలాగే అవుతుంది. ఆ షాపు పేరు ఇక్కడ అనవసరం.

ఆ గోడ ఉన్నప్పుడు ట్యాంకు రెండు గదులు. పై గదిలోకి వచ్చిన నీళ్లు పై సగం ట్యూబుల్లో అవతలికి పోతాయి, కింది సగం ట్యూబుల్లో వెనక్కి వస్తాయి. గోడ లేకపోతే ట్యూబులన్నిటికీ ఇటు చివర ఒకే ఒత్తిడి, అటు చివర మూసుకుపోయిన ట్యాంకు. నీటిని ట్యూబులోకి తోసేది ఏదీ ఉండదు.

మరి చదును రోడ్డు మీద ఎందుకు నడిచింది? దీని గురించి రెండు రోజులు ఆలోచించాను. వేడి నీరు తేలిక, చల్లటి నీరు బరువు. 20 డిగ్రీల దగ్గర ఘనమీటరు నీరు 998 కిలోలుంటే, 90 దగ్గర 965 కిలోలే. పై ట్యూబుల్లోకి కొంచెం వేడి నీరు చొరబడి, చల్లబడి, కింది ట్యూబుల్లోంచి మెల్లగా తిరిగి వస్తుంది. పంపుతో పని లేకుండా దానంతటదే జరిగే తిరుగుడు ఇది. చదును రోడ్డు మీద తక్కువ లోడుకి, ఎదురుగాలికి అది సరిపోయింది. ఘాట్‌లో తొమ్మిదిమందితో రెండో గేరులో మెల్లగా ఎక్కేటప్పుడు వేడి చాలా రెట్లు పెరుగుతుంది, ఎదురుగాలి తగ్గుతుంది. అక్కడ చేతులెత్తేసింది.

ఇక్కడ ఒక మాట చెప్పాలని నాకు చాలాకాలంగా ఉంది. "వేడి నీళ్లు పై నుంచే రావాలి, చల్లటివి కింది నుంచే పోవాలి, రెండూ ఎదురెదురు మూలల్లో ఉండాలి, అప్పుడే నీళ్లు ఎక్కువ దూరం నడిచి చల్లబడతాయి" అని పని నేర్చుకునే పిల్లలకి చెప్తాం. నాకూ అలాగే చెప్పారు. ఆ సూత్రం పుట్టింది పంపు లేని రోజుల్లో. 1908 నుంచి 1927 దాకా తయారైన ఫోర్డ్ మోడల్ టీలో, తొలి విడత కార్లు తప్ప, వాటర్ పంపే ఉండేది కాదు. వేడి నీరు పైకి లేవడం, చల్లటిది కిందికి దిగడం, ఇదే వాటిని నడిపించేది. అక్కడ పైపులు తలకిందులు చేస్తే ఇంజన్ పోయినట్టే.

పంపు ఉన్న బండిలో ఆ బలం ఎంతో లెక్కేశాను. రేడియేటర్ ఎత్తు 40 సెంటీమీటర్లు, నీళ్ల మధ్య తేడా 10 డిగ్రీలు అనుకుంటే, వేడి చల్లదనాల వల్ల వచ్చే తోపుడు దాదాపు 3 మిల్లీమీటర్ల నీటి ఎత్తుకి సమానం. పంపు తోపుడు మీటర్లలో ఉంటుంది. పంపు ముందు అది లెక్కలోకి రాదు. కోర్ మంచిదై, ట్యూబులు సన్నగా ఉండి, ట్యాంకు వెడల్పుగా ఉంటే నీళ్లు అన్ని ట్యూబులకూ ఇంచుమించు సమానంగానే పంచుకుంటాయి. ఎందుకంటే ట్యూబులో దూరడమే కష్టం, ట్యాంకులో పక్కకి జరగడం సులువు. పైపు ఈ మూలనుందా ఆ మూలనుందా అన్నదానికి అక్కడ పెద్ద తేడా రాదు. ట్యాంకు మరీ ఇరుకుగా ఉంటే మాత్రం వస్తుంది. ఇక "నీళ్లు నెమ్మదిగా పోతే ఎక్కువ చల్లబడతాయి" అన్నది తప్పు. నెమ్మదిగా పోయిన నీరు వెళ్లే పైపు దగ్గర చల్లగా కనిపిస్తుంది, నిజమే. కానీ అదే నీరు ఇంజన్‌లోనూ నెమ్మదిగా తిరుగుతుంది, అక్కడ ఎక్కువ వేడెక్కుతుంది. రేడియేటర్ మొత్తం మీద బయటికి పోయే వేడి తగ్గుతుంది.

అయితే పైపుల చోటు ముఖ్యం కాదా అంటే, చాలా ముఖ్యం. కారణాలు వేరు. నీళ్లు కోర్‌ని తప్పించుకుని దగ్గరి దారిన పోకూడదు. పంపుకి పీల్చే పైపు ఎప్పుడూ నీళ్లలో మునిగి ఉండాలి, అందుకే అది కింద ఉండాలి. గాలి పైకి చేరి బయటపడే దారి ఉండాలి. మూత మీద పంపు ఒత్తిడి పడకూడదు. ఈ జీపులో మొదటిది ముందు కనబడింది. చివరి రెండూ ఆ తర్వాత బయటపడ్డాయి.

గోడ పెట్టడమా, లేక వెళ్లే పైపుని కోసి అవతలి ట్యాంకు అడుగుకి మార్చడమా అని ఆలోచించాను. రెండోది చేస్తే నీళ్లు ఒకేసారి అడ్డంగా దాటి వెళ్తాయి, పంపు మీద భారం తక్కువ. కానీ పంపు పీల్చే నోరు డ్రైవరు వైపే ఉంది. హోస్ ఫ్యాన్ కింద నుంచి అడ్డంగా రావాలి. పీల్చే వైపు పొడవాటి మెత్తటి హోస్ అంటే నాకు భయం. లోపల స్ప్రింగ్ లేకపోతే రేజ్‌లో నొక్కుకుపోతుంది, ఉన్నా మన ఘాట్ రోడ్ల కుదుపుకి ఎక్కడో రాసుకుంటుంది. ఆ రేడియేటర్ తయారైందే రెండు దారుల పద్ధతిలో. అందుకని ట్యాంకు విప్పి, మధ్యలో రేకు గోడ పెట్టి ఆర్గాన్‌తో చుట్టూ అతికాను. ట్యూబులు లెక్కపెట్టి పైన సగం, కింద సగం వచ్చేలా చూశాను. పూర్తయ్యాక పై గదిలో నీళ్లు పోసి, కింది గదిలోకి కారట్లేదని చూసుకున్నాను.

అదే రేజ్‌లో, అంతే సేపు ఉంచితే వచ్చే పైపు 84, అవతలి ట్యాంకు 80, వెళ్లే పైపు 77. వరస కుదిరింది. పాడేరు దాకా నేనూ కూర్చుని వెళ్లాను. నిటారు చోట ఆపించి కొలిస్తే 95, 90, 86. ముల్లు సగం దాటలేదు. ఆ సాయంత్రం నాకు కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది.

పది రోజులకి డ్రైవరు ఫోన్. "ముల్లు బాగానే ఉంది గురువుగారూ. బాటిల్ మాత్రం పొంగి పోతంది. రోజూ లీటరు పోస్తన్నాను."

బాటిల్ అంటే మూత వదిలిన నీళ్లు చేరే డబ్బా. అప్పుడు టెన్షన్ పడ్డాను. నీళ్లు తోస్తోందంటే అందరూ ముందు అనుమానించేది హెడ్ గ్యాస్కెట్‌నే, పైగా అది ఈమధ్యే మార్చారు. ఇంజన్‌లో కాలిన గ్యాస్ నీళ్లలోకి వస్తోందేమోనని టెస్టు ద్రవంతో చూశాను. గ్యాస్ తగిలితే దాని రంగు మారాలి, నీలం రంగు నీలంగానే ఉంది. గ్యాస్కెట్ బాగుంది. ఇంకో సంగతి గమనించాను: నిలబడి ఉన్నప్పుడు పొంగట్లేదు, రేజ్ ఇచ్చినప్పుడే బాటిల్ నిండుతోంది.

మూత 0.9 బార్ ఒత్తిడి దగ్గర తెరుచుకునేది. ఆ ఒత్తిడిలో నీరు దాదాపు 118 డిగ్రీల దాకా మరగదు, అందుకే మూతకి అంత విలువ. కానీ ఈ మూత ఉన్నది పై గది మీద, అంటే పంపు నీళ్లు తోసే గది మీద. గోడ లేనప్పుడు నీళ్లు సులువుగా జారిపోయేవి, ఆ గదిలో పంపు ఒత్తిడి పెరిగేది కాదు. గోడ పెట్టాక నీళ్లు సగం ట్యూబుల్లో రెండింతల దూరం పోవాలి. సగం ట్యూబులంటే వేగం రెండింతలు, దూరం రెండింతలు, దాంతో నీళ్లు అన్ని ట్యూబుల్లో ఒకేసారి అడ్డంగా దాటే రేడియేటర్ కంటే కావాల్సిన తోపుడు ఏడెనిమిది రెట్లు పెరుగుతుంది. రెండు హోసుల దగ్గర గేజ్‌లు పెట్టి గట్టి రేజ్‌లో చూస్తే రెండు గదుల మధ్య తేడా 0.35 బార్. వేడి వల్ల పుట్టిన ఒత్తిడికి ఇది కలిసి, మూత తన 0.9 దగ్గర ముందే తెరుచుకుని నీళ్లు వదులుతోంది. అంటే నా మరమ్మతే ఈ రెండో తప్పుని బయటికి తెచ్చింది.

గట్టి మూత వేయమని పక్క షాపు కుర్రాడు అన్నాడు. వద్దన్నాను. మూత గట్టిదైతే బలహీనమైన చోట ఇంకేదో పగులుతుంది. సరైన చోటు కింది గది, అక్కడ పంపు పీలుస్తుంది కాబట్టి ఒత్తిడి తక్కువ. కానీ కింది గది నెత్తిన మూత పెట్టలేం, గాలి అక్కడికి రాదు. పైగా ఇంకో చిక్కు. ఈ జీపులో రేడియేటర్ బిగించిన తీరుకి అవతలి ట్యాంకు రెండు వేళ్లంత ఎత్తులో ఉంది. నీళ్లు పోసేది ఇటు, గాలి చేరేది అటు. అటు ట్యాంకుకి గాలి పోయే దారే లేదు. పది రోజుల్లో పొంగి పోయిన నీళ్ల చోట కొంత గాలి చేరి ఉంటుంది.

చేసింది ఇది. రేడియేటర్ మూత నోరు శాశ్వతంగా మూసేశాను. బానెట్ కింద వెనక గోడకి, ఇంజన్ హెడ్ కంటే, రేడియేటర్ కంటే ఎత్తులో, ఒత్తిడి తట్టుకునే ప్లాస్టిక్ ఎక్స్‌పాన్షన్ ట్యాంకు (వేడికి పెరిగే నీళ్లకి చోటిచ్చే ట్యాంకు) బిగించి మూత దాని మీదికి మార్చాను. అవతలి ట్యాంకు నెత్తి నుంచి ఒక సన్నటి గొట్టం, థర్మోస్టాట్ డబ్బా నెత్తి నుంచి ఇంకోటి, రెండూ ఆ ట్యాంకు పై భాగంలోకి. ఆ గొట్టాల మొదట్లో 2 మిల్లీమీటర్ల రంధ్రం మాత్రమే వదిలాను. గాలి పోవడానికి అది చాలు. పెద్దది వదిలితే వేడి నీరు రేడియేటర్‌ని తప్పించుకుని అటే పోతుంది, మళ్లీ మొదటికొస్తాం. ట్యాంకు అడుగు నుంచి లావు గొట్టం పంపు పీల్చే హోస్‌కి కలిపాను. ఇప్పుడు మూతకి తెలిసేది పీల్చే వైపు ఒత్తిడి. గాలి ఎక్కడ పుట్టినా పైకొచ్చి ట్యాంకులో చేరుతుంది, పంపుకి నీళ్లే అందుతాయి. చల్లగా ఉన్నప్పుడు ట్యాంకు సగం కంటే ఎక్కువ నింపకూడదని డ్రైవరుకి గీత గీసి చూపించాను. వేడిగా ఉన్నప్పుడు మూత తిప్పొద్దని రెండుసార్లు చెప్పాను. అతని ముంజేతి మీద పాత కాలిన మచ్చ చూశాను కాబట్టి మూడోసారి కూడా చెప్పాను.

నీళ్లలో సగానికి సగం కలిపిన కూలెంట్ (లోపల తుప్పు పట్టనివ్వని మందు) పోశాం. అల్యూమినియానికి బోరు నీళ్లు పోస్తే ఎంత మంచి వెల్డింగైనా లోపలి నుంచి తినేస్తుంది. ఓనరు ముందు ఖర్చన్నాడు, పాత ప్లాస్టిక్ ట్యాంకు ముక్క చూపించి మాట్లాడాక ఒప్పుకున్నాడు.

ఫ్యాన్ చుట్టూ కవర్ ఇంకా పెట్టలేదు. మారిన రేడియేటర్‌కి సరిపోయేది దొరకలేదు, రేకుతో కట్టాలి. అది పెడితే ఘాట్‌లో ఇంకో రెండు మూడు డిగ్రీలు దిగుతుందని నా అంచనా.

డిసెంబర్‌లో బండి వేరే పనికి వచ్చినప్పుడు పాత టేపు ముక్కలు ఇంకా అంటుకునే ఉన్నాయి. మసి తుడిచి, పావుగంట రేజ్‌లో ఉంచి, గన్ను పట్టాను. 83, 79, 76. ఎక్స్‌పాన్షన్ ట్యాంకులో నీళ్లు గీత దగ్గరే ఉన్నాయి. మొదటి రోజు రాసిన 88, 86, 52 కింద ఈ అంకెలు రాసుకున్నాను.